ఫ్రిజ్ తలుపులో మిగిలిపోయిన చుక్కల సీసా

పోయిన వారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మూడో అంతస్తు ఆవిడ ఒక ఫొటో పెట్టింది. వాళ్ల ఆరేళ్ల బాబు ఫొటో అది. ఎడమ కన్ను ఎర్రగా ఉంది, రెప్ప కొంచెం వాచింది. "పొద్దున లేచేసరికి ఇట్లా ఉంది. ఏ డ్రాప్స్ వెయ్యాలో ఎవరికైనా తెలుసా?" అని అడిగింది. పది నిమిషాల్లో తొమ్మిది జవాబులు వచ్చాయి. వాటిలో ఐదు మందుల పేర్లే. రోజ్ వాటర్ అని ఒకరు, నందివర్ధనం పూలు కంటి మీద పెట్టమని ఇంకొకరు రాశారు. ఎదురు ఫ్లాట్ అమ్మాయి ఏకంగా సీసా ఫొటో తీసి పెట్టి, "మా దగ్గర సగం ఉంది అక్కా, వాచ్‌మన్‌తో పంపిస్తా" అంది.

వీళ్లంతా మంచివాళ్లు. సాయం చేద్దామనే రాశారు. నేను ఆ సీసా ఫొటోను పెద్దది చేసి చూశాను. మందు పేరు చివర 'డి' అని ఒక అక్షరం ఉంది. ఆ అక్షరం సంగతి నాకు బాగా తెలుసు. వెంటనే ఆ బాబు వాళ్ల అమ్మకు ఫోన్ చేసి, ఆ సీసా మాత్రం తీసుకోవద్దని, సాయంత్రంలోగా కంటి డాక్టర్‌కు చూపించమని చెప్పాను. ఆ తర్వాత గ్రూపులో రాయాలనుకున్నది ఎక్కువైపోయి ఇక్కడ రాస్తున్నాను.

డాక్టర్ చూడకుండా యాంటీబయాటిక్ వాడొద్దని అందరూ చెబుతారు. ఆ మాట విని విని మనకు అలవాటైపోయింది, చెవికి ఆనడం లేదు. నేను చెప్పాలనుకున్నది అంతకంటే చిన్న విషయం. కంటికి వాడగా మిగిలిన చుక్కల మందును ఇంట్లో దాచకండి. పని అయిపోయిన రోజే పారెయ్యండి. కొత్త సీసా కొనాలంటే మెడికల్ షాపు దాకా నడవాలి, అక్కడ ఒక మనిషితో మాట్లాడాలి, ఆ కాసేపట్లో ఒక ప్రశ్న ఎదురయ్యే అవకాశం ఉంటుంది. ఫ్రిజ్‌లో ఉన్న సీసా మనల్ని ఏమీ అడగదు.

చిన్నమ్మ కన్ను

రెండేళ్ల కింద, ఏప్రిల్ చివర్లో, యాసంగి వడ్లు కోతకొచ్చిన రోజులు. మా చిన్నమ్మది నల్గొండ జిల్లాలో ఒక ఊరు. వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో వాటిని తూర్పారపడుతుంటే కంట్లో తాలు పడింది. కొంగు కొసతో తీసుకుంది, నీళ్లు కొట్టుకుంది, పోయిందనుకుంది. మూడో రోజున పెళ్లికని మల్కాజిగిరిలోని మా ఇంటికి వచ్చింది. అప్పటికి కన్ను ఎర్రగా ఉండి నీరు కారుతోంది. "లోపల ఇసుక పడ్డట్టు గరగర అంటున్నది రా" అంది.

పెళ్లి మర్నాడు. రాత్రి ఎనిమిదైంది. నేను ఫ్రిజ్ తెరిచాను. తలుపు అరలో, అల్లం పేస్టు పక్కన, నాన్న చుక్కల సీసా కనిపించింది. నాలుగు నెలల కింద ఆయనకు శుక్లం ఆపరేషన్ అయినప్పుడు రాసిన మందు. అందులో సగం కంటే ఎక్కువే మిగిలింది. గడువు తేదీ చూశాను, ఇంకా ఏడాది ఉంది. కంటి మందే, యాంటీబయాటికే, పెద్ద డాక్టర్ రాసిందే. చిన్నమ్మను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి నా చేత్తోనే రెండు చుక్కలు వేశాను.

తెల్లారేసరికి ఎరుపు సగం తగ్గింది. "నీ చెయ్యి మంచిది రా" అంది చిన్నమ్మ. పెళ్లిలో అందరితో ఫొటోలు దిగింది. వెళ్లేటప్పుడు ఆ సీసాను ఆమె సంచిలో పెట్టి, రోజుకు నాలుగుసార్లు వేసుకోమని చెప్పాను.

ఆరో రోజు ఆమె కూతురు వీడియో కాల్ చేసింది. చిన్నమ్మ గదిలో లైటు తీసేసి, కొంగు కప్పుకుని కూర్చుంది. వెలుతురు చూడలేకపోతోంది. "చూపు ఆనుతలేదు రా" అంది. చెల్లెలు ఫోన్ దగ్గరికి తెచ్చి రెప్ప ఎత్తి చూపించింది. నల్లగుడ్డు మీద బియ్యపు గింజంత తెల్ల మచ్చ ఉంది.

అదే రాత్రి హైదరాబాద్ తీసుకొచ్చాం. డాక్టరమ్మ కంటికి మత్తు చుక్క వేసి, ఆ మచ్చ మీద నుంచి కొంచెం గీకి తీసి మైక్రోస్కోప్ కింద చూడ్డానికి పంపింది. ఫంగస్ అని తేలింది. "ఇప్పటిదాకా ఏం వేశారు?" అని అడిగింది. చిన్నమ్మ సంచిలోంచి సీసా తీసి ఇచ్చాను. ఆమె లేబుల్ చదివి బల్ల మీద పెట్టి, "ఇది ఎవరికి రాసింది?" అని మెల్లగా అడిగింది. నాన్నకు అని చెప్పేటప్పుడు నేను చిన్నమ్మ వైపు చూడలేకపోయాను.

ఆ తర్వాత నాటమైసిన్ అనే మందు. ఫంగస్ మీద పనిచేసే మందు అది. సీసా బాగా ఊపి, మొదట్లో గంటకోసారి వెయ్యాలి, రాత్రి కూడా. అలారం పెట్టుకుని నేనూ మా ఆవిడా వంతులవారీగా లేచేవాళ్లం. రెండున్నర నెలలు పట్టింది. పుండు మానింది గానీ, సరిగ్గా కంటిపాప ముందే మచ్చ మిగిలింది. ఊళ్లో దాన్ని పువ్వు వేయడం అంటారు. ఆ కంటితో చిన్నమ్మ చేతి వేళ్లు లెక్కపెట్టగలదు, మనిషి ముఖం పోల్చుకోలేదు.

ఆ ఫంగస్ నా సీసాలోంచి రాలేదు, తాలుతో వచ్చింది. వరి పొట్టు, ఆకు, పుల్ల లాంటివి కంటికి గీసుకున్న తర్వాత ఫంగస్ పుండు పడటం మన దక్షిణాదిలో చాలా మామూలు, కోతల రోజుల్లో మరీనూ. నేను చుక్క వెయ్యకపోయినా పుండు పడేదేమో. ఈ మాట డాక్టరమ్మను అడిగాను కూడా. ఎంత వరకు ముదిరేదో ఎవరూ చెప్పలేరని, కానీ నాన్న సీసాలో యాంటీబయాటిక్‌తో కలిపి ఉన్న స్టెరాయిడ్ కంటికి ఉండే కాపలాను నిద్రపుచ్చిందని, ఎరుపు తగ్గడం చూసి మేం ఆరు రోజులు పోగొట్టుకున్నామని చెప్పింది. ఆ ఆరు రోజులూ నాకు రోజూ గుర్తొస్తాయి.

ఆ 'డి' అనే అక్షరం

మన దగ్గర కంటి యాంటీబయాటిక్ చుక్కలు చాలావరకు రెండు రకాలుగా దొరుకుతాయి. ఒకటి ఉత్త యాంటీబయాటిక్: మాక్సిఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, టోబ్రామైసిన్ లాంటివి. రెండోది అదే యాంటీబయాటిక్‌కు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిపినది. సీసాలు చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. పేర్లూ దాదాపు ఒక్కటే, చివర ఒకటి రెండు అక్షరాలు తేడా. చాలా కంపెనీల మందుల్లో 'డి' అంటే డెక్సామెథసోన్. కొన్నిటికి ఆ అక్షరం కూడా ఉండదు, లేబుల్ మీద సన్నటి అక్షరాల్లో వెతుక్కోవాలి.

శుక్లం ఆపరేషన్ అయ్యాక కంటిలో వాపు తగ్గడానికి మామూలుగా స్టెరాయిడ్ రాస్తారు. కాబట్టి నాన్నకు ఆ మందు సరైనదే. చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. మన ఇళ్లలో ఎవరో ఒక పెద్దాయనకో పెద్దావిడకో ఆపరేషన్ అవుతూనే ఉంటుంది. అంటే ఫ్రిజ్ తలుపుల్లో మిగిలే సీసాల్లో ఈ కలిపిన మందులు చాలానే ఉంటాయి. మనం ఇరుగుపొరుగుకు చేబదులుగా ఇస్తున్నది దాన్నే.

స్టెరాయిడ్ ఎరుపును తగ్గిస్తుంది, మంటను తగ్గిస్తుంది. మందు పనిచేస్తోందని మనకు నమ్మకం కలుగుతుంది. కింద ఉన్నది ఫంగస్ అయితే దానికి మేలు చేసినట్టే. హెర్పిస్ వైరస్ పుండు అయితే అది కార్నియా మీద, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర మీద, ఇంకా పాకుతుంది. ఏ పుండూ లేకపోయినా, దురద తగ్గుతోంది కదా అని వారాల తరబడి వేసుకుంటే కొందరికి కంటిలో ఒత్తిడి పెరుగుతుంది, ఆ నష్టం నొప్పి లేకుండానే జరిగిపోతుంది. పిల్లలకు దుమ్ముతో, పుప్పొడితో వచ్చే అలర్జీ దురదలకు ఇట్లా నెలలకొద్దీ స్టెరాయిడ్ చుక్కలు వేసి, చూపు దెబ్బతిన్నాక వచ్చేవాళ్లు ఉంటారని డాక్టరమ్మ చెప్పింది.

ఎర్రబడిన కన్ను అంటే ఒక్క రోగం కాదు

2023 వానాకాలం మీకు గుర్తుండే ఉంటుంది. బళ్లలో సగం మంది పిల్లలు లేరు, మెట్రోలో నల్ల కళ్లద్దాలు, మెడికల్ షాపుల ముందు లైన్లు. ఆ కండ్లకలక చాలా మందికి వైరస్‌తో వచ్చింది. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చెయ్యలేదు. ఒకటి రెండు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. కానీ ఆ రెండు వారాల్లో ఎవరు ఏ చుక్క వేసుకుంటే ఆ చుక్కకు పేరొచ్చింది. "పోయినసారి మాకు దీంతోనే తగ్గింది" అన్న మాట నగరమంతా ఆ సీజన్ నుంచే బాగా పాకిందని నాకు అనిపిస్తుంది. ఆ నమ్మకం మాత్రం ఇంకా తగ్గలేదు.

పసుపు పచ్చగా, చిక్కగా పుసి కట్టి, తుడిచిన కాసేపటికే మళ్లీ వస్తుంటే బాక్టీరియా కావచ్చు. నీళ్లలాగా కారుతూ, ఒక కంటితో మొదలై రెండు మూడు రోజుల్లో రెండో కంటికి వస్తే, పక్కన జలుబో గొంతు నొప్పో ఉంటే వైరస్ కావచ్చు. రెండు కళ్లూ ఒకేసారి దురద పెడితే అలర్జీ అనుకోవచ్చు. ఈ గుర్తులన్నీ నేనూ కంఠతా పట్టాను. తీరా చూస్తే ఇవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. వైరస్ వచ్చినా పొద్దున రెప్పలు అంటుకుంటాయి. పెద్దవాళ్లలో వైరస్ ఎక్కువ, చిన్నపిల్లల్లో బాక్టీరియా వాటా కూడా బాగానే ఉంటుంది. అన్నీ చదివిన డాక్టర్లే ఒక్కోసారి చూసీచూడగానే తేల్చలేరు.

అందుకే ఏ క్రిమో పోల్చుకునే పని మనం పెట్టుకోనక్కర్లేదని ఇప్పుడు అనుకుంటున్నాను. మనకు కావాల్సింది వేరే తెలివి: ఇది మామూలు కండ్లకలక కాకపోవచ్చు అని అనుమానించడం. నిజమైన నొప్పి ఉందా? వెలుతురు చూడలేకపోతున్నారా? పుసి తుడిచాక కూడా చూపు మసకగానే ఉందా? నల్లగుడ్డు మీద మచ్చ ఉందా? కంట్లో ఏమైనా పడిందా? కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుంటారా? ఆ కంటికి ఈమధ్య ఆపరేషన్ అయిందా? వీటిలో ఒక్కదానికి అవును అని వచ్చినా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. లెన్స్ పెట్టుకునేవాళ్లకు సూడోమోనాస్ అనే బాక్టీరియా పడితే ఒకటి రెండు రోజుల్లోనే కార్నియా కరిగిపోయే దాకా రావచ్చు. నెల నిండని పసికందుకు కన్ను వాచి చీము కారుతుంటే గంటలు కూడా ఆగకూడదు. అక్కడ చనుబాల చుక్కలు, ఆముదం లాంటివి పెట్టి చూద్దాం అనుకోకూడదు.

చిన్నమ్మ మా గడప తొక్కిన రోజు ఈ ప్రశ్నల్లో ఒక్కటి అడిగి ఉంటే చాలు. కంట్లో తాలు పడిందని ఆమె తానే చెప్పింది. నేను విన్నాను కూడా.

ఇంత భయం అవసరమా

ఈ మాట మా బావ అడిగాడు. "నూటికి తొంభై సార్లు ఏం గాదు. దానికి డాక్టర్ ఫీజు, సగం రోజు సెలవు, మళ్లీ టెస్టులు. ఎవరికి కుదురుతది?" అన్నాడు. ఆ తొంభై అన్న లెక్క నాకు తెలియదు గానీ, ఆయన మాటలో నిజం ఉంది. బాక్టీరియాతో వచ్చే కండ్లకలక కూడా చాలామందికి మందు లేకుండానే వారం పది రోజుల్లో తగ్గుతుంది. యాంటీబయాటిక్ ఒకటి రెండు రోజులు ముందు తగ్గిస్తుంది, ఇంకొకరికి అంటకుండా కొంత ఆపుతుంది. అంత మాత్రానికే ఆటో కట్టుకుని వెళ్లడం రోజుకూలీ మనిషికి పెద్ద ఖర్చు.

పైగా బ్రిటన్‌లో 2005 నుంచి క్లోరామ్‌ఫెనికాల్ కంటి చుక్కలను డాక్టర్ చీటీ లేకుండా ఫార్మసీలో అమ్ముతున్నారు. మన దగ్గర చట్ట ప్రకారం చీటీ ఉండాలి. నిజంగా మనం ఎంత పాటిస్తామో మీకు తెలుసు. చట్టంలో ఉన్న తేడాను బట్టి చూస్తే వాళ్లు మనకంటే వదులుగా ఉన్నట్టే. అది చదివినప్పుడు నా వాదన కొంచెం ఊగింది. కానీ వాళ్లు అమ్మే తీరు చూస్తే, ఫార్మసిస్ట్ ముందు అడుగుతాడు: నొప్పి ఉందా, చూపు తగ్గిందా, లెన్స్ పెడతారా అని. ఉంటే మందు ఇవ్వడు, డాక్టర్ దగ్గరికి పంపుతాడు. ఇచ్చేది ఉత్త యాంటీబయాటిక్, స్టెరాయిడ్ ఉండదు. అది కూడా ఐదు రోజులకే. అంటే వాళ్లు వదిలేసింది డాక్టర్ చీటీని, ప్రశ్నలను కాదు.

మా వీధి మెడికల్ షాపు అన్నతో ఈ సంగతి మాట్లాడాను. "నేను ఇయ్యకపోతే పక్క షాపుకు పోతరు సార్. ఇంకో మాట, అడిగితే చిరాకు పడతరు. మందు అడిగితే డాక్టర్ లెక్క ప్రశ్నలేంది అంటరు" అన్నాడు. ఆయన మాట నాకు బాధగా అనిపించింది, ఎందుకంటే అట్లా చిరాకు పడినవాళ్లలో నేనూ ఉన్నాను. తప్పంతా షాపు మీద నెట్టడం నాకు ఇష్టం లేదు. ప్రశ్న అడిగే షాపును వెతుక్కోవడం మన చేతిలో పనే. బస్తీ దవాఖానాలో చూపించుకుంటే ఫీజు లేదు. కంటికే ప్రత్యేకంగా కావాలంటే మెహదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ ఉంది. ఇన్ని ఉన్న నగరంలో ఉంటూ కూడా నేను ఫ్రిజ్ తలుపు తెరిచాను. డబ్బు లేక కాదు, రాత్రి ఎనిమిదింటికి సీసా చేతికి అందింది కాబట్టి.

డాక్టర్ రాసిచ్చాక

యాంటీబయాటిక్ చుక్కల మీద నాకు కోపం లేదు. నిజంగా బాక్టీరియా కార్నియాను పట్టినప్పుడు చూపును కాపాడేది అవే. మా ఆవిడకు ఒకసారి బాక్టీరియా పుండు మొదలైతే గంటకోసారి చుక్కలతో, మూడో రోజుకే డాక్టర్ ముఖంలో టెన్షన్ తగ్గడం చూశాను. కాబట్టి వాడాల్సి వచ్చినప్పుడు సరిగ్గా వాడాలి. ఇక్కడ కూడా మన అలవాట్లు చాలా మార్చుకోవాలి.

నాన్న ప్రతిసారీ మూడు చుక్కలు వేసుకునేవాడు, ఒకటి చాలదని. కంటిలో మామూలుగా ఉండే కన్నీరు దాదాపు ఏడు మైక్రోలీటర్లు. రెప్ప సంచి ఎంత సాగినా సుమారు ముప్పై పడుతుంది. సీసాలోంచి పడే ఒక్క చుక్కే ముప్పై నుంచి యాభై ఉంటుంది. ఒక్క చుక్కకే కన్ను నిండి పొర్లుతుంది, మిగతాది బుగ్గ మీదికో ముక్కులోకో పోతుంది. మందు వేశాక గొంతులో చేదు తగులుతుందే, అది ఆ ముక్కు దారిన దిగిందే. కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కన కంటి మూలను ఒకటి రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకుంటే మందు కంటిలో నిలుస్తుంది. రెండు రకాల చుక్కలు ఉంటే మధ్యలో ఐదు నిమిషాలైనా ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఆయింట్‌మెంట్ ఉంటే అన్నిటికంటే చివర. అది పెట్టుకున్నాక చూపు కాసేపు మసకబారుతుంది, ఆ వెంటనే బండి తియ్యొద్దు.

చేతులు సబ్బుతో కడుక్కోవాలని అందరికీ తెలుసు. సీసా మూతి సంగతే చాలా మంది పట్టించుకోరు. చుక్క సరిగ్గా పడాలని మూతిని రెప్పకు ఆనిస్తారు. ఆ క్షణంలో రెప్ప మీది క్రిములు సీసాలోకి వెళ్తాయి. అదే సీసాను ఇంకొకరికి వేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. సీసాలో క్రిములు పెరగకుండా కలిపే మందు ఉంటుంది గానీ, దానికీ ఒక హద్దు ఉంది. కంటి చుక్కలో క్రిమి చేరితే ఎంత దూరం పోతుందో 2023లో అమెరికాలో చూశాం. మన దేశంలో తయారై అక్కడికి వెళ్లిన కృత్రిమ కన్నీటి చుక్కలతో, మందులకు లొంగని సూడోమోనాస్ 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకింది. నలుగురు చనిపోయారు, కొందరికి కంటిగుడ్డే తీసెయ్యాల్సి వచ్చింది. అది ఇంట్లో జరిగిన పొరపాటు కాదు, తయారీ దగ్గరి సంగతి. కానీ తడిగా ఉన్న చిన్న సీసాలో క్రిమికి ఎంత వీలు దొరుకుతుందో దాన్ని బట్టి తెలుస్తుంది.

అందుకే లేబుల్ మీద ఉంటుంది, మూత తీసిన నెలలోపే వాడాలని. నేను చూసిన గడువు తేదీ మూత తియ్యని సీసాకు. తీసిన రోజు నుంచి లెక్క మారిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన ఆ నెల రెండు నెలలు కాదు. కొన్ని మందులను చల్లగా ఉంచమని లేబుల్ మీదే రాస్తారు, అదీ పాడవకుండా ఉండటానికే తప్ప దాచుకోవడానికి కాదు. ఇప్పుడు మా ఇంట్లో సీసా మూత తీసిన రోజు తేదీని పెన్నుతో దాని మీదే రాస్తున్నాం.

ఇంకొక పొరపాటు నాన్న ఆపరేషన్ వల్లే మా ఇంట్లోకి వచ్చింది. ఆయనకు మొదటి వారం రోజుకు ఆరుసార్లు, తర్వాత ఐదు, నాలుగు, అలా తగ్గించుకుంటూ పొమ్మని చార్టు ఇచ్చారు. కంటి చుక్కలన్నీ అంతే అని మేమంతా నేర్చుకున్నాం. నిజానికి అలా మెల్లగా తగ్గించాల్సింది స్టెరాయిడ్‌ను. ఉత్త యాంటీబయాటిక్‌ను ఎర్రదనం తగ్గిందని నాలుగుసార్ల నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి మనంతట మనం తగ్గిస్తే, క్రిమిని చంపేంత కాకుండా దానికి అలవాటయ్యేంత మందు వేసినట్టు అవుతుంది. చెప్పినన్ని సార్లు, చెప్పినన్ని రోజులు వేసి ఆపెయ్యడమే. రెండు మూడు రోజుల్లో ఏ మార్పూ లేకపోతే ఇంకో వారం చూద్దామని ఆగకుండా తిరిగి వెళ్లి చూపించాలి.

కోర్సు మొత్తం వాడాలన్న మాటకే అంత ఆధారం లేదని, ఎక్కువ రోజులు వాడటమే క్రిములను మొండిగా చేస్తుందని 2017లో బ్రిటన్ నిపుణులు కొందరు వాదించారు. అది చదివి చాలా రోజులు ఆలోచించాను. వాళ్లన్నది కొట్టిపారేసేది కాదు. కానీ ఎన్ని రోజులకు ఆపాలన్నది డాక్టర్లు తేల్చాల్సిన లెక్క, అద్దంలో కన్ను చూసుకుని నేను తేల్చేది కాదు. పైగా మధ్యలో ఆపిన ప్రతి మందూ మా ఇంట్లో చేరేది ఫ్రిజ్ తలుపులోకే.

మూడో అంతస్తు బాబు

ఆ బాబును సాయంత్రం డాక్టర్‌కు చూపించారు. వైరస్‌లా ఉందని, చల్లటి తడిగుడ్డ పెట్టమని, కృత్రిమ కన్నీటి చుక్కలు వెయ్యమని, బడికి పంపొద్దని, తువ్వాలు వేరుగా ఉంచమని చెప్పారు. రాత్రి తొమ్మిదింటికి వాళ్ల అమ్మ నాకు మెసేజ్ పెట్టింది: "యాంటీబయాటిక్ ఏమీ రాయలేదు. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లాలా?"

ఫోన్ చేశాను. పావుగంట మాట్లాడుకున్నాం. ఫీజు తీసుకుని మందు రాయకపోతే ఏదో తక్కువ చేశారని ఎందుకనిపిస్తుందో ఆమె చెబుతుంటే, నాకూ అట్లాగే అనిపించిన రోజులు గుర్తొచ్చాయి. ఏ గుర్తులు కనిపిస్తే వెంటనే పరుగెత్తాలో చెప్పాను. చిన్నమ్మ సంగతి కూడా మొత్తం చెప్పాను, ఆ మందు నా చేత్తోనే వేశానని సహా. సోమవారం దాకా చూస్తానంది.

ఆదివారం పొద్దున మళ్లీ ఫోన్ చేసింది. రెండో కన్ను కూడా ఎర్రబడిందట. నొప్పి లేదు, టీవీ మామూలుగానే చూస్తున్నాడు, ఇడ్లీ తిన్నాడు అంది. వైరస్ అయితే రెండోదానికి కూడా వస్తుందని డాక్టర్ ముందే చెప్పారట. గొంతులో కంగారు లేదు. అడిగిన సంగతి వేరే: పాత డబ్బా సర్దుతుంటే వాళ్ల అత్తమ్మ ఆపరేషన్ నాటి సీసాలు మూడు దొరికాయట. వాటిని సింకులో పోసెయ్యొచ్చా, చెత్తబుట్టలో వెయ్యొచ్చా అని. సింకులో పొయ్యొద్దని, మూత గట్టిగా బిగించి, ఎవరూ తీసి వాడకుండా లేబుల్ చింపేసి, కాగితంలో చుట్టి, చెత్తబండి వచ్చినప్పుడు వేరుగా ఇవ్వమని చెప్పాను.